మల్లేశు లాగిన్

పాస్‌వర్డ్ సరైనదే. అయినా తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది. జెట్టీ మీది మత్స్యకారుల సంఘం ఆఫీసులో ఆ లినక్స్ కంప్యూటర్‌ది సాయంత్రం నుంచీ ఇదే వరస. తెల్లవారుజామున పడవలు కదలాలంటే అందులో పేర్లు ఎక్కాలి.

లంబాలైన్ పేట నుంచి స్కూటర్ మీద వచ్చిన కంప్యూటర్ మెకానిక్ యువరాజ్ దాన్ని మూడుసార్లు ఆపి, మళ్లీ వేశాడు. చివరికి ఉత్త అక్షరాల తెర తెరిచి, లోపల ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారని కంప్యూటర్‌ని అడిగాడు.

రెండు పేర్లు వచ్చాయి. ఒకటి తనది. రెండోది మల్లేశు, డిసెంబరు ఏడు నుంచి. ఆపి వేసిన కంప్యూటర్లో పాతవాళ్లెవరూ మిగలకూడదు.

"మల్లేశు ఎవరు, దీదీ?"

గుమాస్తా కనకదుర్గ ముందుకు వంగి తెర మీద ఆ పేరు చదివింది.

"నాకు ముందు ఈ సీట్లో ఉండీవోడు. ఆఖరి పడవ ఒడ్డుకొచ్చీదాకా లాగౌట్ అవకూడదని ఆయన రూలు. ఆ రోజే తమ్ముడి పడవెక్కినాడు. ఆ పడవ ఇంకా రానేదు."

దూరంగా నీళ్ల మీద ఇంజిన్ చప్పుడు. యువరాజ్ వచ్చినప్పటి నుంచీ అది దగ్గరవుతూనే ఉంది.

"పాత లాగిన్ అడ్డం పడింది, బస్, అంతే," అంటూ అతను మల్లేశు పేరు తీసేశాడు. తెర తెరుచుకుంది. పడవల పట్టీ కనబడింది.

"హో గయా, దీదీ. ఇంకా బయట పడవలున్నాయా?"

"నేవు భయ్యా. అన్నీ సందేలకే వచ్చీసినాయి."

ఇద్దరూ కిటికీ వైపు తిరిగారు. జెట్టీకి ఇంకా చేరకుండానే, ఇంజిన్ చప్పుడు నీళ్ల మధ్యలో ఆగిపోయింది.