మేష్టారు నింపిన ఫారాలు

"గార్డులందరిదీ ఒకే చేతిరాతా సార్?" అంటూ నీమియా ఫారాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

జైలు గార్డులకి ఏం శిక్షణ ఇచ్చారు, ఉద్యోగం ఎలా ఉంది, మనసు ఎలా ఉంది అని అడిగే ఫారాలవి. పేరు రాయక్కర్లేదు. యూనివర్సిటీ తరఫున ఆవిడ పోయిన వారం పంచి వెళ్లింది. నిన్న గేటు దగ్గర తీసుకుని బస్సులో చదివింది. ఇవాళ తెల్లారగానే మళ్లీ బస్సెక్కి వచ్చింది.

గార్డుల చీఫ్ సిరిలో ఒవెలార్ తొణకలేదు. నడుము బెల్టు పైకి సర్దుకుని, కొమ్ము గ్లాసులో ఆకు మీద ఐసు నీళ్లు పోసి, తెరెరె అనే ఆ చల్లటి ఆకు టీ ఆవిడకి అందించాడు.

"మావాళ్లు తాళాలు వెయ్యడంలో దిట్టలమ్మా, రాతకోతల్లో కాదు. సెలవుచీటీల దగ్గర్నుంచి పెళ్లాలకి క్షమాపణల దాకా ఇక్కడ అన్నీ ఫెర్మిన్ మేష్టారే రాస్తారు. వీటినీ ఆయన నెత్తినే పడేసుంటారు."

"ఆయనెవరు?"

సిరిలో గది మూలకి గడ్డంతో చూపించాడు. అక్కడ చిన్న బల్ల ముందు ఓ ముసలాయన రూళ్లకర్ర పెట్టి రిజిస్టరులో గీతలు కొడుతున్నాడు. ఒకప్పుడు బడిపంతులు. పద్నాలుగేళ్లుగా ఇక్కడ ఖైదీ.

నీమియాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాపలావాళ్ల మనసులో ఏముందో ఖైదీ చేత రాయించిన ఘనత ఈ జైలుకే దక్కాలి.

"అయితే ఇవి మా పరిశోధనకి పనికిరావు సార్."

"పారేసి కొత్తవి ఇవ్వండి. మళ్లీ ఆయనే రాస్తారు" అన్నాడు సిరిలో, నిమ్మకు నీరెత్తినట్టు.

"పారేద్దామనే అనుకున్నాను. ఇదొక్కటి ఆపింది." ఆవిడ కట్ట అడుగునుంచి ఓ ఫారం లాగి చదివింది. "శిక్షణ ఎన్నాళ్లు? నలభై రోజులు, అందులో ముప్ఫై కవాతే. ఈ ఉద్యోగం మీ కొడుక్కి ఇప్పిస్తారా? చచ్చినా ఇప్పించను. ఇక్కడిదాకా అందరిదీ ఇంచుమించు ఇంతే. చివరి ప్రశ్నకి ఏం రాశారో వినండి. ‘డ్యూటీ దిగేముందు తుపాకీ చేతిలోకి తీసుకుంటాను. కాసేపు చూసి పెట్టేస్తాను. ఈ మధ్య పెట్టేయడానికి ఎక్కువసేపు పడుతోంది.’"

సిరిలో చేతిలో నీళ్ల కూజా అలాగే ఉండిపోయింది.

"నాకు పేరు వద్దు సార్. కానీ ఈ మనిషి ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేపటిదాకా ఆగితే నాకు భయం."

సిరిలో మంచివాడు. తనవాళ్లకి జ్వరమొస్తే ఇంటికెళ్లి మరీ చూసొస్తాడు. "మా గార్డుల్లో తుపాకీలుండేది బురుజుల మీదవాళ్లకే. అయితే డెర్లిస్ అయ్యుంటాడు. పెళ్లాం పుట్టింటికి పోయినప్పట్నుంచి వాడు వాడిలా లేడు" అంటూ ఫోన్ అందుకున్నాడు. "డెర్లిస్‌ని కిందికి దింపండ్రా. తుపాకీ అక్కడే వదిలేసి రమ్మనండి. గట్టిగా అరవకండి, మెల్లగా చెప్పండి."

రూళ్లకర్ర ఆగింది.

"డెర్లిస్ కాదు సార్" అన్నాడు ఫెర్మిన్. "అతనికి నిద్ర పట్టట్లేదు, అంతే. అతని ఫారం వేరే ఉంది."

"వాడు మీకు చెప్పాడా?" అన్నాడు సిరిలో.

"ఎవరూ ఏమీ చెప్పలేదు సార్. అంతా బాగుందని రాసి పడెయ్యి మేష్టారూ అన్నారు అందరూ. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు."

"మరి నిజం మీకెలా తెలుసు?" అంది నీమియా.

"వీళ్లు మమ్మల్ని చూడ్డానికి జీతం తీసుకుంటారమ్మా. మేం వీళ్లని ఊరికే చూస్తాం. పద్నాలుగేళ్లు చూస్తే, నడక బట్టి చెప్పొచ్చు ఎవరు ఏడ్చి వచ్చారో."

"అదంతా తర్వాత. ఇది ఎవరిది మేష్టారూ?" సిరిలో గొంతు మొదటిసారి గట్టిపడింది.

ఫెర్మిన్ ఫారాల కట్ట వైపు చూశాడు. "లెక్కపెట్టండి సార్" అన్నాడు.

లెక్క సిరిలోకి కొత్తకాదు. రోజుకి మూడుసార్లు ఖైదీల్ని లెక్కపెట్టి, ‘లెక్క సరిపోయింది’ అని ఆయన నోటితో అంటేగాని ఆ జైల్లో ఏ గేటూ తెరుచుకోదు. బొటనవేలు తడి చేసుకుని, నీమియా చేతిలోదీ కలిపి ఫారాలు తిప్పాడు. ముప్ఫై ఒకటి. మొహం చిట్లించుకుని మళ్లీ మొదటినుంచి తిప్పాడు. ముప్ఫై ఒకటే.

"ఒకటి తక్కువొస్తే వెంటనే తెలుస్తుంది, ఎవడో గోడ దూకాడని. ఎక్కువ రావడం ఇరవై రెండేళ్లలో ఇదే చూడ్డం" అన్నాడు. "నా దగ్గరున్నది ముప్ఫై మంది గార్డులే."

"మీకూ ఒకటిచ్చాను సార్" అంది నీమియా నెమ్మదిగా. "కాపలావాళ్లకే కాపలా వాణ్ణి, నాకెందుకమ్మా అని నవ్వి, ఆ మూల బల్ల మీద పడేశారు."

సిరిలో మూలకి చూశాడు. ఫెర్మిన్ తల ఎత్తలేదు.

"సాయంత్రం లెక్కయ్యాక కూడా రిజిస్టర్లు పూర్తి చేస్తూ నేనిక్కడే ఉంటాను కద సార్. నేనున్నానని మీరు మర్చిపోతారు" అన్నాడు.

తలుపు దగ్గరికి డెర్లిస్ వచ్చి సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు. కూజాలో ఐసు కరిగిపోయింది.

సిరిలో బెల్టు నుంచి తుపాకీ తీశాడు. దాన్ని నీమియా ముందు పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, "లెక్క సరిపోయింది" అన్నాడు.