గట్టి గుండె

"మీ ఆయన గుండె గట్టిదమ్మా," అన్నాడు బోధన్ డాక్టరు, రిపోర్టు మీంచి తలెత్తి.

భీమవ్వ వెంటనే నమ్మలేదు. "నిజంగనా సారూ?"

"ఇందులో స్పష్టంగా ఉంది. మెదడుకు రక్తం బాగా అందుతుంది. పడిపోయిన చెయ్యీ కాలూ తిరిగొస్తాయి. ఇక మెత్తగా చూడొద్దు, రోజూ మెట్లెక్కించి దించండి. గుండె బలహీనంగా ఉండుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు. అంత శ్రమకు ప్రాణమే పోతుంది."

ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలే రాజమల్లుకు పక్షవాతం వచ్చి ఇరవై రోజులైంది. కుడివైపు చచ్చుబడింది. మాట పడిపోయింది. ఈ ఇరవై రోజుల్లో భీమవ్వ నవ్వడం ఇదే మొదలు. దారిలో పావుకిలో జిలేబి కొన్నది. వేడి పొట్లాన్ని చేతులు మార్చుకుంటూ, వేళ్లకంటిన పాకం నాక్కుంటూ చిన్నపిల్లలా ఇంటికొచ్చింది.

మంచం పక్కన మరిది లింగం కూర్చుని ఉన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒక్క కాన్పు. రాజమల్లు పావుగంట పెద్ద, అంతే తేడా. బండి మీద ఎవరున్నా ఫ్యాక్టరీ గేటు దగ్గర పేరు తప్పుగానే పిలుస్తారు. మొన్న గుండె పరీక్షకు అన్నను నిజామాబాద్ తీసుకెళ్లింది లింగమే. చుట్టిన బీడీలు అప్పజెప్పే రోజని భీమవ్వ వెళ్లలేదు.

"ఏమయ్యా, ఇన్నవా? నీ గుండె గట్టిదంట. మెట్లెక్కియ్యుమన్నడు సారు."

రాజమల్లు కళ్లు పెద్దవయ్యాయి. "బ... బ..." అన్నాడు. ఎడమ చెయ్యి లేపి తమ్ముడి రొమ్ము మీద తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత ఆ చెయ్యి తన రొమ్ము మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"సూడు లింగం, నాదేం లేదు, అంత తమ్ముని పుణ్యమే అంటున్నడు."

"నేనేం జేసిన వదినె," అంటూ లింగం సిగ్గుపడ్డాడు.

రాజమల్లు ఇంకా గట్టిగా తట్టాడు. ఆ కాస్తకే ఆయాసమొచ్చి దిండు మీదికి వాలిపోయాడు. భీమవ్వ జిలేబి ముక్క నోట్లో పెడితే ఉమ్మేశాడు.

"మెట్లంటె బుగులైతున్నదా? నేనుంట గద ఎనుకనే."

ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుంది. కొంగుతో తుడిచింది.

లింగం జిలేబి నములుతూ లేచాడు.

"రేపు పొద్దుగాలనే పక్కింటి అయ్యూబన్న మేడ మెట్లెక్కిద్దాం వదినె, మొన్న నిజామాబాదుల దవాఖాన మెట్లు అన్న ఎక్కలేకపోతె కింద ఆటోల కూసోవెట్టి, ఒక్క కాన్పోళ్లకు గుండె వేరుంటదా అని ఆయన చీటి వట్టుకపోయి మిషిను కింద పండుకున్నది నేనే గద."