లెక్కకెక్కని బావి

మట్టిలోని విషం ఎన్నాళ్లకు విరుగుతుందో లెక్కగట్టి చెప్పే పలక ప్రతి పొలం గట్టునా నిలిచిన కాలమది. ఆ ఉదయం ఎల్లవ్వ పలక మీద “నేల శుభ్రం, ఆకుకూరలు వేయవచ్చు” అని వెలిగింది. ఆమె నమ్మలేదు.

“సారూ, మా మామ తవ్విన బాయి మీ లెక్కల ఉన్నదా? మందుల కంపెనీవాళ్లు దాన్ల విషపు డ్రమ్ములు పడేసి పూడ్చిన్రు,” అని పలకల లెక్క చూసే అధికారినడిగింది.

“మ్యాపులో బావి లేదమ్మా. లెక్క తప్పదు.”

ఎల్లవ్వ గడ్డపారతో తవ్వింది. మోకాలి లోతులో తుప్పు రేకు తగిలి, ఘాటు వాసన గుప్పుమంది. అధికారి ముక్కు మూసుకుని బావిని లెక్కలో కలిపాడు. పలక మీద “నూట డెబ్బై ఏళ్లు” అని మారింది. నిరుడే శుభ్రమని తేల్చిన, వాలులోని పొలాల పలకలూ వరసగా ఎర్రబడ్డాయి.

గెలిచానన్న సంతోషం ఎల్లవ్వకు కలగలేదు.

“నిరుటి సంది ఊరంతా ఆ పొలాల పాలకూరే తింటున్నది గద సారూ?”