పచ్చ గీత

కొరాపుట్‌లో మంచు దట్టంగా దిగిన రాత్రి. నర్సు హరిప్రియ గది గడియ వేసుకుని ఒక్కతే ఆన్‌లైన్ క్లాసుకి కూర్చుంది. మానసిక రోగుల నర్సింగ్‌లో పైచదువు చదువుతోంది. రోగి మాట ఎలా వినాలన్నది ఈరోజు పాఠం; కావాలంటే రోగి పాత్రకి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోవచ్చన్నారు.

నిన్న ఇదే వేళకి వార్డులో, పొట్టంగి నుంచి వచ్చిన ముసలమ్మ గున్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మీ, కూకో. ఒక్క మాట సెప్తాను."

"రేపు సెప్పుదువులే, మామ్మా. నాకిప్పుడు క్లాసుంది."

ఫోన్‌లోంచి తలెత్తకుండానే చెయ్యి విడిపించుకుంది హరిప్రియ. తెల్లారేసరికి గున్నమ్మ ఉరేసుకుని ఉంది.

క్లాసులో ఎవరు మాట్లాడితే వాళ్ల బొమ్మ చుట్టూ పచ్చ గీత వెలుగుతుంది. హరిప్రియ పెదవి కదపలేదు. అయినా ఆమె బొమ్మ చుట్టూ గీత వెలిగింది. గదిలో చిన్న చప్పుడైనా లేదు. గాభరాగా మైకు కట్టేసింది. గీత ఆరలేదు.

తెర మీద తోటివాళ్లంతా రాయడం మానేసి వింటున్నారు. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

చాలాసేపటికి గీత ఆరింది. టీచరు గొంతు సవరించుకుంది.

"రోగి పాత్రకి మంచి మనిషినే తెచ్చారు, హరిప్రియా. కానీ ఆవిడ మీ చెయ్యి పట్టుకుని అంతగా బతిమాలుతుంటే, ఒక్కసారైనా అటు తిరిగి చూడలేదేం?"