పరీక్షలో రెండో గొంతు

“మీ అమ్మమ్మ ఏమందో చెప్పమ్మా. ఈ ముక్క అడగడం ఇది మూడోసారి,” అన్నారు కాలేజీ పరీక్షల అధికారి మేడమ్ స్కల్లీ.

“టీ చల్లారిపోతోంది, తాగమంది మేడమ్,” అంది తిలీలా. ఆ జవాబు చెప్పడమూ మూడోసారే.

ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలకి కాపలా ఉంటుందని ఆ ఏడాదే కొన్న సాఫ్ట్‌వేర్ తిలీలాను పట్టిచ్చింది. గదిలో రెండో గొంతు వినిపించింది, అమ్మాయి పక్కకు తిరిగింది, నవ్వింది, వెంటనే జవాబు రాసింది అంటూ ఎర్రగీతలు గీసి మరీ చూపించింది. ఆ గొంతు జవాబులు అందించిందని తేలితే గణాంకశాస్త్రం పేపరు రద్దు. పేపరు రద్దయితే ఏడాది గల్లంతు.

“టీ తాగమనడానికి ఇంతసేపు పడుతుందా?”

“మా ఇంట్లో ఒక్కసారి చెప్పి ఊరుకుంటే మర్యాద కాదు మేడమ్.”

మొరాకోలోని ఆ ఫెస్ నగరంలో ఎవరింట్లోనూ కాదు. ఆ సంగతి మేడమ్‌కీ తెలుసు. అందుకే ఆవిడ ఇంజనీరు యూనెస్ వైపు తిరిగారు.

“నీ యంత్రం మాటల్ని అనువదిస్తుందన్నావుగా?”

“చేయించాను మేడమ్. ఇది ఫిన్లాండ్ భాష అంటోంది.”

“అజ్రూ కొండల మనిషయ్యా ఆవిడ! అమజీగ్ మాట్లాడుతుంది.”

“దానికొచ్చిన భాషల్లో అది లేదు మేడమ్. ఉన్నవాటిల్లో దగ్గరగా ఉందనిపించింది పట్టుకుంది. ‘దుప్పి పడవెక్కింది’ అని వచ్చింది.”

తిలీలాకి నవ్వొచ్చింది. మేడమ్ మొహం చూసి మింగేసింది.

“సరే, ఇంకోసారి వినిపించు.”

యూనెస్ మీట నొక్కాడు. ముసలిగొంతు తీరిగ్గా ఏదో చెప్పుకుపోయింది. “ష్” అంది తిలీలా గొంతు. ముసలిగొంతు ఆగలేదు. తర్వాత కిసుక్కుమన్న నవ్వు, దాని వెనకే మీటల టకటక.

“ఆపు! ఇక్కడ ‘ఉస్తాద్’ అంది. నాకు స్పష్టంగా వినిపించింది. ఉస్తాద్ చూడట్లేదు, రాసెయ్ అందా?”

ఆ రోజు తెర మూలన చిన్న గళ్ళో కూర్చుని పిల్లలందర్నీ కనిపెట్టుకుని ఉన్న మాస్టారు, ఉస్తాద్ అన్వర్ లహ్లూ, బల్లకి ఆ చివర ఉన్నారు. వచ్చినప్పట్నుంచీ ఆయన తన టీ గ్లాసులోని పుదీనా ఆకుల్ని చెంచాతో తిప్పుతూనే ఉన్నారు.

“మీరైనా ఏదో ఒకటి అనండి ఉస్తాద్!”

“టీ గురించే అయ్యుంటుంది మేడమ్. బాగా చదివే పిల్ల.”

“అయ్యుంటుందని రాసి నేను సంతకం పెట్టాలా?”

ఆయన మళ్ళీ చెంచా అందుకున్నారు.

“తిలీలా, ఆ ‘ఉస్తాద్’ సంగతేమిటి?”

తిలీలా మొహం ఎర్రబడింది. చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. “దేవుడి తోడు మేడమ్, జవాబులు మాత్రం కాదు.”

“మరేమిటి?”

“చెప్పలేను. రద్దు చేసెయ్యండి మేడమ్.”

“ఏడాది పోతుందే పిచ్చిపిల్లా!”

“పోనివ్వండి.”

బయట బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మను లోపలికి పిలిపించారు. ఇత్తో అనే ఆ పెద్దావిడ తల మీద రుమాలు సర్దుకుంటూ వచ్చింది. గదినంతా ఒకసారి కలియజూసి, సంచిలోంచి రొట్టెల పొట్లం తీసి బల్ల మీద పెట్టి, తన భాషలో ఏదో మొదలుపెట్టింది. “అమ్మమ్మా, నీకు దణ్ణం పెడతాను, నోరెత్తకు,” అంది తిలీలా.

“హాజ్జా, పరీక్షప్పుడు పిల్లకి ఏం చెప్పారు?” అని మేడమ్ అరబ్బీలో, పెద్దావిడని పిలిచే మర్యాదతో, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి అడిగారు.

అమ్మమ్మకి అరబ్బీ సంతలో బేరమాడేంతవరకే వచ్చు. ఆవిడ కాసేపు ఆలోచించింది.

“ఎక్కువ చెబుతున్నావు,” అంది చివరికి.

యూనెస్ కంప్యూటర్ వెనక్కి వంగిపోయాడు. మేడమ్‌కి మాత్రం ఓపిక అయిపోయింది. రద్దు కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశారు. తిలీలా కళ్ళల్లోంచి నీళ్ళు ఎప్పుడు రాలాయో ఎవరూ చూడలేదు. అమ్మమ్మ చూసింది. ఆవిడకి ఆ కాగితమేమిటో తెలియదు గానీ మనవరాలి భుజం మీద చెయ్యి వేసి మేడమ్ వంక గుర్రుగా చూసింది.

“ఆగండి మేడమ్,” అన్నారు ఉస్తాద్ అన్వర్. “నాకా భాష వచ్చు.”

“మీకా? లహ్లూలంటే తాతలనాటి నుంచీ ఫెస్ వాళ్ళు కదా!”

“ఇంటిపేరు నాన్నది. మాటలు అమ్మ నేర్పింది. అమ్మది అజ్రూ.”

“ఉస్తాద్, వద్దు! ప్లీజ్!” తిలీలా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“మరి ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నారండీ?” అన్నారు మేడమ్.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

“అందులో ప్రశ్నలూ లేవు, జవాబులూ లేవు మేడమ్. ‘ఈ గళ్ళో కూర్చున్న ఉస్తాద్ జుట్టు నెరిసినా పద్ధతిగా ఉన్నాడే. మీ రబ్హా పిన్నికి ఈడూజోడూ కుదురుతాడు. పెళ్ళయిందేమో కనుక్కో. నువ్వు అడగవా, నన్ను అడగమంటావా?’ అన్నారు ఆవిడ. దానికే ఈ పిల్ల నవ్వింది.”

మేడమ్ స్కల్లీ కలానికి మూత పెట్టారు. కాగితాన్ని రెండుగా చింపి, పెదాలు బిగబట్టుకుని కిటికీ వైపు తిరిగారు. ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి.

రబ్హా పేరు వినబడేసరికి అమ్మమ్మ చెవులు నిక్కబొడిచి, ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తోంది. ఉస్తాద్ అన్వర్ కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, ఆవిడ భాషలోనే మెల్లగా అన్నారు.

“కాలేదని అప్పుడే చెప్పేవాణ్ణి అత్తయ్యా, నా మైకు మూసి ఉండిపోయింది.”