అరవై ఒకటో పేరు

మైకు ఆపేసింది ఫణికుమారే.

అది 2009. షామ్‌బర్గ్‌లోని ఆ హాలు ఆ ఆదివారం నాలుగింటిదాకా నైజీరియావాళ్లది. ఒకెమేజి అనే ఊరినుంచి వచ్చి అమెరికాలో స్థిరపడినవాళ్ల సంఘం. నాలుగు తర్వాత తెలుగువాళ్ల ఉగాది.

నాలుగూ ఇరవై అయింది.

వేదిక మీద ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ఏవో పేర్లు చెబుతున్నాడు. ఒక్కో పేరుకీ జనమంతా ఒకే గొంతుతో బదులు పలుకుతున్నారు.

"అటెండెన్స్ తీసుకుంటున్నాడా ఏంటి?" అన్నాడు ఫణి.

"పాపం, పెద్దాయన. ఫినిష్ చేయనివ్వండి," అంది భార్య సుధ.

"సౌండ్ చెక్ ఎప్పుడు చేసుకోవాలి? పిల్లలు మేకప్‌తో బయట నిలబడ్డారు."

వేదిక ఎక్కి మీట నొక్కాడు.

ముసలాయన కళ్లు తెరిచాడు.

"ఇంకాసేపు, నాయనా. సగం కూడా కాలేదు," అన్నాడు ఇంగ్లీషులో.

"సారీ సర్. ఆ లిస్టేదో అందరికీ ఈమెయిల్ చేసేయండి."

ఆయన నవ్వి, కర్ర పట్టుకుని లేచాడు. కూర్చున్న కుర్చీని తనే మడిచి గోడకి ఆనించి వెళ్లాడు.

ఉగాది బ్రహ్మాండంగా జరిగింది. ఫణికి శాలువా కప్పారు.

మూడు వారాల తర్వాత, మరిచిపోయిన బ్యానర్ కోసం ఫణి హాలుకి వెళ్లాడు. నైజీరియా సంఘం కార్యదర్శి ఫొలాకే, ముసలాయన ఫొటోకి పూలు అమరుస్తోంది.

"ఏమైంది?"

"ఆ ఆదివారం తర్వాత గురువారమే పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. నిన్న పోయారు."

"అయ్యో! ఆ రోజు ఆయన చెబుతున్న పేర్లు..."

"మా ఊరికి రోడ్డు తవ్వినవాళ్లవి. 1947లో. కాన్పు కష్టమైన ఆడవాళ్లు ఆసుపత్రి చేరకుండానే దారిలో పోయేవాళ్లట. రోడ్డు వేయించనన్నాడు తెల్లదొర. మా ఊరి సంఘం పర్మిషన్ లేకుండానే మూడేళ్లు తవ్వించింది. మొత్తం నూట నలభై మంది. మాకు దొరికినవి అరవై ఒక్క పేర్లు."

ఫణి ఫొటోకేసి చూశాడు.

"తర్వాతైనా చెప్పించుకోవాల్సింది..."

"కారెక్కించేసరికే అలసిపోయారు. వచ్చే ఆదివారం మళ్లీ మొదలుపెడతానన్నారు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఫణికి.

"ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదు మీరు?"

"అడిగాం. తవ్వినవాళ్లలో తను కాక ఇంకొక్కరు బతికున్నా పేర్లు బయటపెట్టనని ఒట్టు వేశారట. ఆ ఇంకొక్కరు జనవరిలో పోయారు. అందుకే ఆ రోజు ఆరు రాష్ట్రాలనుంచి వచ్చాం."

"ఎక్కడో ఒకచోట రాసి ఉంటారు కదండీ?" ఫణి దాదాపు బతిమాలుతున్నట్టు అడిగాడు.

ఫొలాకే తల అడ్డంగా ఊపింది.

"కాగితం దొరికితే అందరికీ జైలే. అందుకని ఊరంతా కలిసి ఆ పేర్లన్నీ ఒకే ఒక్క మనిషికి కంఠతా పట్టించింది, ఈయనకి."