ఆదాముకు తోడున్న చిలుక

ఏదెను తోటలో జంతువులన్నిటికీ పేర్లు పెట్టేశాక ఆదాముకు ఏమీ తోచలేదు. అతని ఒంటరితనం తీర్చే భారాన్ని చిలుక తన నెత్తిన వేసుకుంది. ఆదాము "ఎండగా ఉంది" అంటే, అదీ "ఎండగా ఉంది" అనేది. తనను మించిన తోడు ఉండదని దాని గట్టి నమ్మకం. ఆదాము మాత్రం రోజురోజుకీ దిగులుపడిపోతున్నాడు.

ఒకనాడు అతను గాఢనిద్ర నుంచి లేచేసరికి పక్కన హవ్వ కూర్చుని ఉంది.

"ఎండగా ఉంది" అన్నాడు ఆదాము.

"నాకేం అలా లేదే. ఇటు రా, చల్లగాలి వస్తోంది" అంది హవ్వ.

వచ్చీరాగానే ఎదురుచెప్పిన ఈ మనిషి ఇక్కడ ఎన్నాళ్లో నిలవదని చిలుక జాలిపడింది. ఆదాము లేచి ఆమె పక్కకు జరిగాడు. "అవును సుమా" అని మొదటిసారి నవ్వాడు. పొద్దుగూకేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

తెలివైన చిలుక హవ్వ తలపైనున్న కొమ్మ మీదికి మారి, "చల్లగాలి వస్తోంది" అనడం మొదలుపెట్టింది.